కెన్యా మడకు గోదారి చందా

విదేశం వెళ్తున్నానంటే మా వైపు ఎవరైనా మొదట అడిగేది జీతమెంతని. జీతం లేదు, మనమే ఎదురు కట్టి వెళ్లి పనిచేయాలి అంటే గొంతు తగ్గించి "ఏజెంటు ఎవరమ్మా?" అంటారు. ఆ అనుమానంలో తప్పేమీ లేదు. గల్ఫ్ పేరు చెప్పి ఏజెంట్లు ముంచేసిన కుటుంబాలు కోనసీమలో ఊరూరా ఉన్నాయి.

నేను వెళ్లేది కెన్యాకి. మొంబాసాకి దక్షిణంగా గాజీ అని సముద్రం ఒడ్డున ఓ ఊరు. అక్కడి జనం 2013 నుంచి 117 హెక్టార్ల మడ అడవిని, అంటే ఉప్పునీటి బురదలో పెరిగే చెట్ల అడవిని కాపాడుతూ, అది గాలిలోంచి పీల్చి పట్టి ఉంచే కార్బన్‌ని లెక్కగట్టి, తమ కాలుష్యానికి బదులుగా కొనుక్కునేవాళ్లకి క్రెడిట్లుగా అమ్ముకుంటున్నారు. ఆ డబ్బుతో ఊరికి మంచినీళ్లు, బడికి పుస్తకాలు వచ్చాయి. కాకినాడ దగ్గరి కోరంగి మడ పక్కనే పెట్టుకుని కాలేజీలో బోటనీ చెప్పే నాకు ఇది దగ్గరుండి చూడాలనిపించింది. మొక్కలు నాటడానికి, చెట్లు కొలవడానికి ఒక సంస్థ వాలంటీర్లను తీసుకుంటోందని తెలిసి దరఖాస్తు పెట్టాను.

విమానం టికెట్టు, తిండి నా డబ్బుతోనే అని ముందే అనుకున్నాను. అందుకే నెలనెలా కడుతున్న చీటీ పాడేశాను. అవసరం నాది కాబట్టి బాగా తగ్గించే పాడుకోవాల్సి వచ్చింది. చందా వసూలు చేసేది మాత్రం అక్కడి మడ మొక్కల నర్సరీ ఖర్చుకే. పదిమంది ఇచ్చిన డబ్బుతో విమానం ఎక్కి, ఫొటోలు దిగి రావడం నాకు బాగోదనిపించింది. స్టాఫ్‌రూంలో ఆత్రేయపురం పూతరేకులు తెప్పించి అమ్మితే కొంత మిగిలింది. తక్కిన దానికి రసీదు పుస్తకం అచ్చేయించి, బాబాయి బండెక్కి బయల్దేరాను.

మొదట భీమవరం శివార్లలో ఒక రొయ్యల రైతు. మడ అనగానే నవ్వేశారు. "చెరువుల వల్లే అంతా నాశనమైపోయిందని మమ్మల్నే తిడతారు, చందాకి మాత్రం మా గుమ్మమే ఎక్కుతారు. మావి వరిచేలమ్మా, మడ కాదు." ఆ మాట నిజమే. ఈ చుట్టుపక్కల చెరువులు చాలావరకు ఒకప్పుడు వరి పండిన పొలాలే. మడ కొట్టి తవ్వినవి సముద్రం వైపున్నవి. అలాగని వరిచేను చెరువైపోవడం మంచిదేనా అని నోటిదాకా వచ్చింది గానీ, బాబాయి నా మోచెయ్యి పట్టుకుని ఆపేశాడు. ఆయన ఫోన్‌పేలో 10,000 కొట్టి, "రసీదులో పేరు కాస్త పెద్దక్షరాలతో రాయండి" అన్నారు. రాశాను. ఆ తర్వాత ఎవరూ అంత ఇవ్వలేదు.

నరసాపురం రేవులో బండితో సహా పంటు ఎక్కి, గోదారి పాయ వశిష్ఠ దాటి సఖినేటిపల్లిలో దిగాం. రాజోలు దగ్గర బాబాయికి తెలిసినావిడ ఇంటికెళ్లాం. కువైట్‌లో చాలా ఏళ్లు ఇంటిపని చేసి వచ్చేశారు. చేతిలో 500 పెట్టి, "పాస్‌పోర్టు తెచ్చావా?" అన్నారు. ఇస్తే అటూ ఇటూ తిప్పి చూసి, లోపలికెళ్లి ఒక గుడ్డ సంచీ తెచ్చారు. పాత లంగా గుడ్డతో చేత్తో కుట్టింది, అరచెయ్యంత ఉంది, మూతకి రెండు పిన్నీసులు. నడుముకి కట్టుకునే నాడా కూడా ఆ గుడ్డదే, చెమటకి రంగు వెలిసిపోయింది. "బొత్తం పెడితే ఊడిపోద్ది, పిన్నీసు ఊడదు. జాగ్రత్త చేస్తాం ఇమ్మంటారు, ఎవరికీ ఇయ్యకు. నాది నా చేతికి రాడానికి ఎన్నాళ్లు పట్టిందో నీకు చెప్పినా అర్థం కాదులే." సంచీ నన్నే ఉంచుకోమన్నారు. వెళ్లే ముందు ఏమేం సర్దుకోవాలో సంస్థ వాళ్లు పొడుగాటి లిస్టు పంపారు గానీ, అందులో ఇలాంటి సలహా ఒక్కటీ లేదు.

రాత్రికి అమలాపురంలో అత్తయ్య వాళ్లింట్లో పడుకున్నాం. పొద్దున్నే ముమ్మిడివరం, ఎదుర్లంక వారధి, యానాం దాటేసి కోరంగి చేరాం. 1839 తుపానులో నాశనమైపోయిన రేవు ఇదే. 1996 నవంబరు తుపాను సంగతి పుస్తకాల్లో వెతకక్కర్లేదు, ఇక్కడ ఎవర్ని కదిపినా చెబుతారు.

అక్కడి జాలరిపేటలో ఒక పెద్దాయన నా మాట పూర్తిగా విననే లేదు. "ఆ దేశంలో నాటడానికి మనుషుల్లేరా? ఇంతకీ మన మడ చూశావా?" టూరిస్టుల చెక్క వంతెన మీంచి చూశానన్నాను. "అది చూడ్డం కాదు" అని నావ ఎక్కించారు. పాటు మొదలై నీళ్లు తీస్తున్నాయి. బురదలోంచి పెన్సిళ్లు గుచ్చినట్టు తెల్ల మడ ఊపిరివేళ్లు పైకి లేచి ఉన్నాయి. ఒక కాయ తీసి బొటనవేలితో తొక్క ఒలిచారు. లోపల రెండు మందపాటి ఆకుపచ్చ బద్దలు మడత పెట్టి ఉన్నాయి, కింద అప్పటికే మొలక. "చెట్టు మీదుండగానే మొలకెత్తేస్తది. లోతుగా గుచ్చావో, కుళ్లిపోద్ది." పోటు నీళ్లెక్కని చోట నేల ఉప్పు పట్టి గొడ్డుబోతుందనీ, చేపముల్లు ఆకారంలో కాలవలు తవ్వి నీళ్లు పారిస్తేనే మొక్క నిలుస్తుందనీ నేను క్లాసులో బొమ్మ గీసి చెబుతుంటాను. అలాంటి కాలవ గట్టు మీద నిలబడడం మాత్రం అదే మొదలు.

ఒడ్డుకొచ్చాక ఆయన 100 కాగితం తీశారు. రసీదులో 'నర్సరీ నిమిత్తం' అని రాయబోతే ఆపారు. "మొక్కలకి కాదు. ఆ ఊళ్లో డబ్బులు ఎవరి చేతికెళ్తాయో, లెక్క ఎవరు రాస్తారో, తేడా వస్తే ఎవర్ని అడుగుతారో కనుక్కురా. దానికిస్తున్నా." అలాగే రాశాను. నిజానికి నా దరఖాస్తులో కూడా ఇంత సూటిగా రాయలేదు. గాజీలో మొదట పట్టుకోవాల్సింది ఆ ఊరి కమిటీ లెక్కలు రాసేవాళ్లనే.

ఇక కాగితాల పని. స్వచ్ఛందంగా చేసినా పని పనే కాబట్టి పర్యాటక అనుమతి సరిపోదని, వేరే అనుమతి తాము చూసుకుంటామని సంస్థ వాళ్లు రాశారు. ఎల్లో ఫీవర్ టీకా హైదరాబాద్ నారాయణగూడలోని ప్రభుత్వ టీకా కేంద్రం ఐపీఎంలో వేయించుకున్నాను. అది వేసుకున్న 10 రోజులకు గానీ చెల్లదు. ఆ కార్డు లేకుండా కెన్యా నుంచి తిరిగొస్తే మన ఎయిర్‌పోర్టులోనే 6 రోజుల వరకు క్వారంటైన్‌లో పెట్టొచ్చు. మలేరియాకి డాక్టర్ డాక్సీసైక్లిన్ రాశారు, తిరిగొచ్చాక కూడా 4 వారాలు వేసుకోవాలి. అమ్మ టెన్షనంతా ఆవకాయ సీసా బ్యాగులో పగిలిపోతుందేమోననే.

చివరికి మిగిలింది మోకాళ్ల దాకా వచ్చే గమ్‌బూట్లు. భీమవరంలో అవి దొరికేది రొయ్యల చెరువుల సామాను అమ్మే కొట్లోనే. నా సైజు వెతికిస్తూ కొట్టాయన అడిగాడు: "ఎన్నెకరాలండీ మీవి? ఏరేటర్లు కూడా మా దగ్గరే తీసుకోండి, రేటు చూసి ఇస్తాను."