సీనియర్‌ని అడిగే ముందు ఆ ఆఫీసుకి వెళ్ళండి

జులై నెల వచ్చిందంటే మా బ్రాడీపేటలో ఏ లైనులో చూసినా ఏదో ఒక ఇంట్లో సూట్‌కేసులు తెరిచి ఉంటాయి. ఆగస్టులో అమెరికాలో ఫాల్ సెమిస్టర్ మొదలు. బ్యాగు 23 కిలోలు దాటకూడదని తల్లులు పచ్చళ్ళ డబ్బాలు తీస్తూ, పెడుతూ, మళ్ళీ తూస్తూ ఉంటారు. ఆ ఇళ్ళ పిల్లలే నా దగ్గరికి వస్తారు. "అక్కా, నువ్వు అక్కడ చదివొచ్చావు కదా, ఏమేం తీసుకెళ్ళాలో చెప్పు" అంటారు. కుక్కర్ గురించి అడుగుతారు, చలి కోటు ఇక్కడ కొనాలా అక్కడ కొనాలా అని అడుగుతారు, రూమ్మేట్ల గురించి అడుగుతారు. మీ యూనివర్సిటీలో ఇంటర్నేషనల్ స్టూడెంట్స్ ఆఫీసు ఏ బిల్డింగులో ఉందో తెలుసా అని నేను అడిగితే మాత్రం ముఖాలు చూసుకుంటారు.

ఒహాయోలో ఎం.ఎస్. చేసేటప్పుడు నేను పనిచేసింది అలాంటి ఆఫీసులోనే. ఎఫ్-1 అనే స్టూడెంట్ వీసా మీద ఉన్నవాళ్ళు సెమిస్టర్ నడిచే రోజుల్లో క్యాంపస్‌లో వారానికి 20 గంటల దాకా పని చేసుకోవచ్చు. నాకు ఆ ఆఫీసు ముందు డెస్కులో పని దొరికింది. వచ్చినవాళ్ళ పేర్లు రాసుకోవడం, ఐ-20లు (వీసాకి ఆధారంగా యూనివర్సిటీ ఇచ్చే పత్రాలు) ప్రింట్ తీసివ్వడం, అడ్వైజర్ దగ్గరికి పంపడం. ఇప్పుడు గుంటూరులో ఇంజనీరింగ్ కాలేజీలో పాఠాలు చెప్పుకుంటున్నాను కానీ, ఆ డెస్కు దగ్గర చూసినవి మర్చిపోలేదు. వేరే దేశాల పిల్లలు చిన్న అనుమానం వచ్చినా నేరుగా వచ్చి అడిగేవాళ్ళు. మన తెలుగు పిల్లలు చాలామంది అంతా అయిపోయాక, కళ్ళు ఎర్రగా చేసుకుని వచ్చేవాళ్ళు.

ఎందుకలా అంటే, మనకి ఆఫీసు అంటేనే బెరుకు. ఇక్కడ ఏ ఆఫీసుకి వెళ్ళాలన్నా లోపల తెలిసినవాళ్ళు ఎవరున్నారని ముందు వెతుక్కుంటాం. వీసా పనంతా బెంజ్ సర్కిల్ దగ్గరో అరండల్‌పేటలోనో కన్సల్టెన్సీ వాళ్ళే చేసిపెడతారు. అప్లికేషన్లు వాళ్ళే నింపుతారు. పిల్లాడి పేరు మీద ఉన్న ఈమెయిల్ పాస్‌వర్డు కూడా ఒక్కోచోట వాళ్ళ దగ్గరే ఉంటుంది. వీసా స్టాంపింగ్ అయ్యాక వాళ్ళ పని అయిపోతుంది. ఇక అక్కడ దిగాక అన్నిటికీ సీనియర్లే దిక్కు. సీనియర్లు మంచివాళ్ళే. అర్ధరాత్రి ఎయిర్‌పోర్టుకి కారు వేసుకుని వస్తారు, మొదటి వారం వాళ్ళ రూములోనే పడుకోబెట్టి అన్నం పెడతారు. నాకూ పెట్టారు. కానీ అన్నం పెట్టిన మనిషినే ఇమ్మిగ్రేషన్ రూలు కూడా అడగడంతోనే చిక్కు వస్తుంది. ఆ అబ్బాయికి తెలిసింది తన కేసు ఒక్కటే. పైగా ఆయన చెప్పింది తప్పయితే ఆయన వీసాకి ఏమీ కాదు.

అమెరికా వెళ్ళే పిల్లలు వీసా ఇంటర్వ్యూకి ముందు 350 డాలర్ల సెవిస్ ఫీజు కడతారు కదా, ఆ సెవిస్ అనేది ప్రభుత్వ డేటాబేసు. మీరు ఏ కోర్సులో ఉన్నారు, ఎన్ని క్రెడిట్లు చేస్తున్నారు, ఎక్కడ ఉంటున్నారు, అన్నీ అందులో ఉంటాయి. యూనివర్సిటీలో ఆ రికార్డు తెరిచి మార్పు చేసే అధికారం ఉన్నవాళ్ళని డీఎస్ఓ అంటారు. వాళ్ళు కూర్చునేది ఇంటర్నేషనల్ ఆఫీసులోనే. మీ ప్రొఫెసర్ ఎంత గొప్పవాడైనా ఆ రికార్డు ముట్టుకోలేడు.

ఆ ఆఫీసు చేయగలిగిన సాయం దాదాపు అంతా ముందు అడిగితేనే. కోర్సు డ్రాప్ చేసి ఫుల్ టైమ్ కంటే తగ్గాలంటే డ్రాప్ చేయకముందే డీఎస్ఓ అనుమతి ఉండాలి. చదువు ఇంకో సెమిస్టర్ పట్టేలా ఉంటే ఐ-20 గడువు తేదీ దాటకముందే పొడిగించుకోవాలి. డిసెంబరు సెలవులకి ఇంటికి రావాలంటే ఐ-20 మీద వాళ్ళ సంతకం ఉందో లేదో టికెట్ కొనేటప్పుడే చూసుకోవాలి, ఆ సంతకం ఏడాది వరకే చెల్లుతుంది. రూము మారితే 10 రోజుల్లోపు కొత్త అడ్రసు చెప్పాలి. ఓపీటీకి, అంటే చదువుకి సంబంధించిన ఉద్యోగం అక్కడ కొంతకాలం చేసుకునే అనుమతికి, చదువు ముగిసే తేదీకి 90 రోజుల ముందు నుంచి, ముగిశాక 60 రోజుల్లోపు అప్లై చేయాలి. ఇందులో ఏదైనా తేదీ దాటాక వెళ్తే, ఎదురుగా కూర్చున్న డీఎస్ఓకి మీ మీద ఎంత జాలి ఉన్నా చేతులు కట్టేసినట్టే.

నరసరావుపేట వైపు అబ్బాయి ఒకడు ఉండేవాడు. ఒక సబ్జెక్టు కష్టంగా ఉంది, ఫెయిలైతే జీపీఏ పోతుందని భయం. సబ్జెక్టు మధ్యలో వదిలేస్తే మార్కుల పత్రంలో డబ్ల్యూ అని పడుతుంది. రూములో సీనియర్ "డబ్ల్యూ పడితే ఏం కాదురా, నేనూ చేశా" అన్నాడంట. ఆ సీనియర్ డ్రాప్ చేసినప్పుడు అతని చేతిలో ఇంకా 9 క్రెడిట్లు మిగిలాయి. వీడికి మిగిలింది 6. మా యూనివర్సిటీలో మాస్టర్స్ వాళ్ళకి ఫుల్ టైమ్ అంటే 9. రాత్రి ఆన్‌లైన్‌లో ఒక బటన్ నొక్కాడు, అంతే. ఆఫీసు నుంచి మెయిల్ వచ్చేదాకా ఏం జరిగిందో వాడికి తెలియదు. సెవిస్ రికార్డు టెర్మినేట్ అయింది. పోయిన స్టేటస్ తిరిగి ఇమ్మని అడిగే రీఇన్‌స్టేట్‌మెంట్‌కి కాగితాలు పెట్టుకుని నెలల తరబడి ఎదురుచూడాలి, లేదా దేశం వదిలి కొత్త ఐ-20తో మళ్ళీ రావాలి. వాళ్ళ నాన్నకి ఫోన్‌లో ఎలా చెప్పాలని నన్ను అడిగాడు. ముందు రోజు పగలు వచ్చి ఉంటే డీఎస్ఓ అడిగే ప్రశ్నలు రెండే: ఇది నీ మొదటి రోజుల ఇబ్బందా, ఇంగ్లిష్‌తోనో ఇక్కడి బోధనా పద్ధతితోనో? లేక ఆరోగ్యం బాగోలేదా? మొదటిదైతే ఒక డిగ్రీలో ఒక్కసారి, కనీసం సగం క్రెడిట్లు ఉంచుకుని తగ్గించుకోవచ్చు. ఆరోగ్య కారణమైతే డాక్టరో లైసెన్సున్న సైకాలజిస్టో రాసిన ఉత్తరం మీద మొత్తం 12 నెలల దాకా అవకాశం ఉంది.

ఆ రెండో దారిలో డిగ్రీ పూర్తి చేసిన అమ్మాయిని కూడా చూశాను. మనవైపు అమ్మాయే. నవంబరులో సాయంత్రం 5 దాటితే చీకటి, ఎవరితోనూ మాట లేదు, తిండి సరిగా తినడం లేదు, క్లాసుకి లేవలేకపోతోంది. లైబ్రరీలో పరిచయమైన కొరియా అమ్మాయి చేయి పట్టుకుని కౌన్సెలింగ్ సెంటర్‌కి తీసుకెళ్ళింది. అక్కడి సైకాలజిస్టు ఉత్తరం ఇచ్చింది, డీఎస్ఓ ఆ సెమిస్టర్ తగ్గించింది, అమ్మాయి తర్వాతి ఏడాది గౌను వేసుకుని స్టేజి ఎక్కింది. మన పిల్లల్లో ఒక భయం బాగా పాతుకుపోయింది: కౌన్సెలింగ్‌కి వెళ్తే రికార్డులో పడుతుంది, వీసాకి దెబ్బ, రేపు పెళ్ళి సంబంధాలకి దెబ్బ. అక్కడ చెప్పుకున్నది మీ అనుమతి లేకుండా డిపార్ట్‌మెంటుకీ వెళ్ళదు, ఇంటికీ రాదు. ప్రాణాపాయం ఉందనిపిస్తేనో, చట్టం తప్పనిసరి చేస్తేనో మాత్రమే ఆ గీత దాటుతారు. చాలా యూనివర్సిటీల్లో కొన్ని సెషన్లు విడిగా డబ్బు కట్టకుండానే ఇస్తారు, ఎందుకంటే సెమిస్టర్ ఫీజులో మీరు కట్టేశారు. రాత్రిపూట మనసు మరీ దిగజారితే అమెరికాలో ఎక్కడున్నా 988కి ఫోన్ చేయొచ్చు, మెసేజ్ పెట్టొచ్చు. ఈ నంబర్ 2022 నుంచి ఉంది. తమ్ముళ్ళూ చెల్లెళ్ళూ, ఇది మీ ఫోన్‌లో ఉండాలని నిజంగా కోరుకుంటున్నాను.

డబ్బు దగ్గర కూడా ఇదే కథ. బ్యాంకు లోను వాయిదా గుర్తొచ్చి, "గ్యాస్ స్టేషన్‌లో క్యాష్‌కి చేస్తున్నారు, నువ్వూ చేయి" అనే మాట చెవిన పడుతుంది. అనుమతి లేని పని చేసినవాళ్ళకి ఆ రీఇన్‌స్టేట్‌మెంట్ దారి కూడా మూసుకుపోతుంది. అదే క్యాంపస్‌లో ఎమర్జెన్సీ ఫండ్ ఉంటుంది, చాలాచోట్ల ఫుడ్ ప్యాంట్రీ ఉంటుంది. స్టూడెంట్ కార్డు చూపిస్తే బియ్యం, పప్పు, కూరగాయల డబ్బాలు ఇస్తారు. మనవాళ్ళు అటు వెళ్ళడానికి నామోషీ పడతారు. అది స్టూడెంట్ల కోసం పెట్టిందే, మీరు స్టూడెంట్లే.

నోటి మాట మీద నడిస్తే ఎంతదాకా పోతుందో 2019లో చూశాం. మిషిగన్‌లో ఫార్మింగ్టన్ అనే యూనివర్సిటీని అమెరికా అధికారులే నకిలీగా పెట్టి నడిపారు. క్లాసులు లేవు, ఉద్యోగం చేసుకోవచ్చని ఒకరు చెప్తే ఇంకొకరు చేరారు. ఆ జనవరిలో 129 మంది భారతీయ విద్యార్థులను నిర్బంధించారు, అందులో మన తెలుగు పిల్లలు ఎంతోమంది. చేర్పించారని కేసు పెట్టింది ఎనిమిది మంది మీద, అవీ తెలుగు పేర్లే. ఆ వారం గుంటూరు, విజయవాడల్లో ఎన్ని ఇళ్ళలో పొయ్యి వెలగలేదో.

ఇప్పుడు తల్లిదండ్రులకి ఒక మాట. తెనాలి నుంచి ఒక నాన్నగారు మా డెస్కుకి ఫోన్ చేశారు. కూతురు రెండు రోజులుగా ఎత్తడం లేదు. నా గొంతులో తెలుగు వినగానే ఏడ్చేశారు. "అమ్మా, క్లాసుకి వస్తోందో లేదో అదొక్కటి చెప్పు తల్లీ" అన్నారు. నేను చెప్పకూడదు. 1974 నాటి ఫెర్పా చట్టం ప్రకారం కాలేజీలో చేరిన పిల్లల మార్కులు, హాజరు, ఫీజు వివరాలు వాళ్ళ లిఖిత అనుమతి లేనిదే తల్లిదండ్రులకైనా మామూలుగా ఇవ్వరు. ఆయనకి అది రాతిగుండెలా అనిపించి ఉంటుంది. కానీ ఆఫీసు ఊరికే కూర్చోలేదు. క్యాంపస్ పోలీసులకి చెప్పి ఆ అమ్మాయి రూముకి మనిషిని పంపింది, దాన్ని వెల్ఫేర్ చెక్ అంటారు. ఫోన్ పాడైపోయింది, అంతే. ఆ సాయంత్రమే వాళ్ళ నాన్నతో మాట్లాడింది.

కాబట్టి పిల్లలు విమానం ఎక్కకముందే రెండు పనులు చేయించండి. ఆ అనుమతి ఫారం చాలా యూనివర్సిటీల్లో ఆన్‌లైన్‌లోనే ఉంటుంది, ఎంతవరకు చూపించాలో పిల్లలతో కూర్చుని మాట్లాడుకుని నింపండి. బలవంతం చేయకండి, అది వాళ్ళ హక్కు. రెండోది, క్యాంపస్ పోలీస్ నంబర్, ఇంటర్నేషనల్ ఆఫీస్ నంబర్ మీ ఫోన్‌లోనూ పెట్టుకోండి. ఒహాయోలో ఉదయం 9 అంటే ఇక్కడ సాయంత్రం 6:30, చలికాలంలో 7:30. మన విదేశాంగ శాఖ 'మదద్' పోర్టల్‌లో పిల్లల వివరాలు నమోదు చేయించండి. ప్రవాసాంధ్రుల కోసం ప్రభుత్వం నడిపే ఏపీఎన్ఆర్‌టీ సొసైటీ కూడా ఉంది, వాళ్ళ హెల్ప్‌లైన్ నంబర్ ఇంట్లో క్యాలెండర్ మీద రాసి పెట్టుకోండి.

యూకే వెళ్ళేవాళ్ళకి సంగతి కొంచెం వేరు. మా పిన్ని కూతురు లెస్టర్‌లో ఉంది. వీసాతో పాటు ఏడాదికి 776 పౌండ్ల హెల్త్ సర్‌చార్జి కడతారు కదా, ఆ డబ్బుకి ఫలితం దక్కాలంటే వెళ్ళిన వారంలోనే దగ్గర్లోని జీపీ (జబ్బు చేస్తే ముందుగా చూపించుకునే డాక్టరు) దగ్గర పేరు నమోదు చేసుకోవాలి. జ్వరం వచ్చాక పరిగెత్తడం కాదు. ఇంగ్లాండ్‌లో మామూలుగా స్టూడెంట్లు అద్దెకి తీసుకునే ఇళ్ళకి కట్టిన డిపాజిట్‌ని ఇంటి ఓనరు 30 రోజుల్లోపు ప్రభుత్వం గుర్తించిన స్కీములో పెట్టాలి. పెట్టలేదంటే స్టూడెంట్స్ యూనియన్ అడ్వైస్ సెంటర్‌కి వెళ్ళండి, అక్కడ పైసా తీసుకోరు. ఇంకో సంగతి ఏమిటంటే, ఆ దేశంలో ఇమ్మిగ్రేషన్ సలహాలిచ్చే పని పెట్టుకోవాలంటే చట్టప్రకారం అనుమతి ఉండాలి. 1999లో చేసిన చట్టం అది. డబ్బు తీసుకుని "నేను చూసుకుంటా" అనే వ్యక్తికి ఆ అనుమతి ఉందో లేదో అడిగే హక్కు మీకు ఉంది.

ఆఫీసుకి మెయిల్ ఎలా రాయాలని అడిగేవాళ్ళకి: పేరు పాస్‌పోర్టులో ఉన్నట్టే రాయండి, ఇంటిపేరు కుదించకండి. మొదటి లైనులోనే స్టూడెంట్ ఐడీ నంబర్ పెట్టండి. రెండో లైనులో మీరు చేయబోతున్నది ఏమిటో రాయండి: ఫలానా కోర్సు డ్రాప్ చేద్దామనుకుంటున్నాను, ఇంకా చేయలేదు, దీనివల్ల నా స్టేటస్‌కి ఏమవుతుంది? ఏ తేదీలోపు నిర్ణయించుకోవాలో కూడా రాయండి. ఇంగ్లిష్ తప్పులు పోతాయని ఆగొద్దు, అవి ఎవరూ చూడరు, నేను ఆ మెయిళ్ళు చదివే చోటే కూర్చున్నాను. జవాబు వచ్చాక దాన్ని డిలీట్ చేయకండి, డిగ్రీ చేతికొచ్చేదాకా ఒక ఫోల్డర్‌లో దాచుకోండి. జవాబు రాకపోతే రెండో రోజు వాక్-ఇన్ టైము చూసుకుని ఐ-20, పాస్‌పోర్టు పట్టుకుని నేరుగా వెళ్ళండి.