ఆయ్-ఆయ్ గారి కొబ్బరికాయ

మడగాస్కర్ రాజధాని అంటనానరివో నుంచి తూర్పు తీరానికి వెళ్లే రెండో నంబరు రహదారి గురించి ఆ దారిన వెళ్లినవాళ్లకి చెప్పక్కర్లేదు. లారీల వెనక లారీలు, గుంతల మధ్య అక్కడక్కడా రోడ్డు. పడవలెక్కే మనంబాటో చేరేసరికి నా నడుము నా మాట వినడం మానేసింది. పడవ మనిషి చెప్పిన రేటుకి మిగతా ఓపికా పోయింది. అయినా ఎక్కాను. ఎందుకంటే, ఒక జంతువు పేరు కోసం: ఆయ్-ఆయ్.

నవ్వకండి. మడగాస్కర్‌లో జంతువుల పేర్లన్నీ ఇలాగే ఉంటాయి: ఫోసా, టెన్రెక్, ఇంద్రి. కానీ గోదావరి మనిషి వినయంగా తలూపుతూ అన్నట్టుండే పేరు దీనికొక్కదానికే. రూపంలో మాత్రం ఆ వినయం మచ్చుకైనా లేదు. గబ్బిలం చెవులు, ఎలుక పళ్లు, ఉడుత తోక. 1788లో దీన్ని ఉడుతల్లోనే కలిపేశారట. నిజానికిది లీమర్, అంటే కోతులకీ మనకీ దూరపు చుట్టమే.

చీకటి పడ్డాక అంపిటాబె సరస్సులోని చిన్న దీవికి తీసుకెళ్లారు. గైడ్ కొమ్మల మధ్య కొబ్బరికాయ పెట్టాడు. కాసేపు దోమలు తప్ప ఏమీ రాలేదు. తర్వాత టార్చి వెలుగులో రెండు పసుపు కళ్లు. దిగీ దిగగానే కాయకి కన్నం పెట్టి, నడివేలు లోపలికి పోనిచ్చింది. వేలంటే వేలా అది! ఎండుపుల్లలా సన్నగా, 8 సెంటీమీటర్ల పొడవు. అడవిలో అదే వేలితో మానుని టకటకా కొట్టి, చప్పుడుని బట్టి లోపల పురుగు ఎక్కడుందో పసిగట్టి, పళ్లతో తొలిచి, కొక్కెంలా బయటికి లాగుతుంది. ఆ వేలు ముక్కులో పూర్తిగా దూర్చి, నాక్కుంటుందని కూడా 2022లో శాస్త్రవేత్తలు వీడియోతో సహా రాశారు. ఇంత పరిశోధన ఎవరు చేయమన్నారో!

"ఆ వేలు మనవైపు చూపిస్తే చావు ఖాయమని ఊళ్లలో నమ్ముతారు. అందుకే కనపడితే చంపేసేవాళ్లు" అన్నాడు గైడ్, మామూలుగా. అంతవరకూ నన్ను తోసుకుంటూ ఫొటోలు తీసిన పెద్దమనిషి మెల్లగా నా వెనక్కి సర్దుకున్నాడు. నేను కూడా ఒక చెట్టు చూసుకున్నాను, అబద్ధం ఎందుకు.

అది మాత్రం మావైపు చూడనేలేదు. కాయ ఖాళీ అయ్యేదాకా గీకీ గీకీ తిని, పై కొమ్మకి పాకిపోయింది.

ఒడ్డుకి వచ్చాక పడవ మనిషి రాత్రి ట్రిప్పుకి చార్జీ వేరే అన్నాడు.

ఆయ్, అన్నాను.