కాలికి కడియం

ఈరోజు కోవూరులో మా అక్క మనవడి బారసాల. వాడి కాలికి వెండి కడియం తొడుగుతుంటే నా చేతులు వాటంతట అవే ముందుకు వెళ్ళాయి. ‘నీకెందుకురా ఈ పని’ అని అక్క నవ్వింది. పదకొండేళ్ళు ఎమిరేట్స్‌లో డేగల ఫారంలో నేను చేసింది ఇదే కదా!

డేగ పిల్ల కాలికి గుర్తింపు రింగు వేయడానికి గడువు కొద్ది రోజులే. గుడ్డులోంచి బయటికొచ్చిన పది రోజులకు అటూ ఇటూ. ముందే వేస్తే జారిపోతుంది, ఆలస్యమైతే పాదం దూరదు. ముందరి మూడు వేళ్ళనూ కలిపి అతుకులేని రింగులోకి దూర్చాలి. వెనక వేలిని కాలికి ఆనించి, రింగు పైకి జరిపాక మెల్లగా బయటికి లాగాలి. అప్పటిదాకా నాకు ఊపిరాడేది కాదు.

డేగల్లో మగది ఆడదానికన్నా సుమారు మూడో వంతు చిన్నది. మొదటి ఏడాది ఒక ఆడపిల్లను మగదనుకుని చిన్న రింగు వేశాను. కాలు వాచింది. రింగును కోసి తీయాల్సి వచ్చింది. పిల్ల అడవిలో పట్టింది కాదు, పంజరంలోనే పుట్టిందనడానికి ముఖ్యమైన రుజువు ఆ రింగే. అక్కడ డేగలకు 2002 నుంచి పాస్‌పోర్టులు కూడా ఉన్నాయి, నమ్మండి! ఆ రింగు పోగొట్టినా యజమాని తిట్టలేదు, అదే ఎక్కువ బాధించింది.

ఇక్కడ ఆ పనికి చోటు లేదు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం మన దేశంలో డేగను పట్టడం నేరం. మంచిదే.

వీడు మాత్రం కడియం పడగానే కాళ్ళు తన్నుకుంటూ ఏడుపు అందుకున్నాడు. అవీ అంతే.