గుమ్మడికాయ వేలం పాట

మొన్న కోత పండుగలో ఒక గుమ్మడికాయను 2,600 రూపాయలకు పాడాను. సంతలో అయితే అరవై, డెబ్బై రూపాయలు చేసే కాయ. ఇంటికి తీసుకొస్తే మా ఆవిడ ఒక్క మాట అనలేదు. ఆ తీగ ఎవరి రేకుల కప్పు మీద పాకిందో ఆమెకూ తెలుసు.

కోత పండుగ చూడనివాళ్ల కోసం కొంచెం చెప్తాను. మా సీఎస్ఐ (దక్షిణ ఇండియా సంఘం) చర్చి గుడుల్లో ఏడాదికోసారి ఎవరికి పండింది వాళ్లు తెచ్చి బలిపీఠం ముందు పెడతారు. చెనిక్కాయలు, కొర్రలు, కోడిపుంజు, ఇంట్లో చేసిన ఓళిగలు. పొలం లేనివాళ్లు డజను గుడ్లో, కొత్త తువ్వాలో తెస్తారు. ఆరాధన అయ్యాక వేలం. పాడుకున్నవాడు "మళ్లీ పాటకే" అని తిరిగి ఇచ్చేస్తుంటాడు కాబట్టి ఒక్కోసారి ఒకే కోడి నాలుగు చేతులు మారుతుంది. ఆ రోజు గుడిలో వినిపించే నవ్వులు ఏ పెళ్లింట్లోనూ వినలేదు నేను.

నేను ఈ గుడిలో పుట్టి పెరిగినవాణ్ణి కాదు. మాది జమ్మలమడుగు దగ్గర, పెన్న ఒడ్డున ఒక పల్లె. మా నాయన చెక్కభజన నేర్పే గురువు. ఎనిమిదేళ్లప్పుడే నా చేతికి చెక్కలు ఇచ్చాడు. శనివారం రాత్రి రామాలయం ముందు పెట్రోమాక్స్ లైటు వెలుగులో గుండ్రంగా తిరుగుతూ అడుగులు వేసేవాళ్లం. అడుగు తప్పితే నాయన తిట్టేవాడు కాదు. అందరినీ ఆపి మళ్లీ మొదటి నుంచి ఎత్తుకునేవాడు. "తాళం తప్పితే పాట దేవుడి దాకా పోదు రా" అనేవాడు. దేవుడనేవాడు వింటున్నాడన్న నమ్మకం నాకు అక్కడే కుదిరింది. ఇవాళ నేను ఏసుప్రభువు బిడ్డను. అయినా నా భక్తికి ఓనమాలు దిద్దించింది మా నాయనే అని చెప్పడానికి నేనెప్పుడూ వెనకాడలేదు.

నాయన పోయాక భజన జట్టు చెదిరిపోయింది. వానలు లేక, ఉన్న రెండెకరాలు బీడు పెట్టి, యర్రగుంట్ల వైపు బండల పాలిషింగ్ ఫ్యాక్టరీలో పనికి కుదిరాను. పన్నెండేళ్లు పొద్దస్తమానం మిషన్ చప్పుడు, బురదనీళ్లు, ఒళ్లంతా బూడిద రంగు. పాట అనేదే మర్చిపోయాను. దేవుడి మీద కోపమేమీ లేదు, తీరిక లేదంతే.

1998లో, నిలబెట్టి పేర్చిన బండలు జారి నా ఎడమ కాలి మీద పడ్డాయి. మోకాలి కింద రెండు చోట్ల ఎముక విరిగింది. జమ్మలమడుగు క్యాంప్‌బెల్ ఆసుపత్రిలో వేశారు. మిషనరీలు కట్టించిన ఆసుపత్రి అది. మా జేజి కూడా కాన్పు కష్టమైతే అక్కడికే పోయిందంట. మంచం మీద కదలకుండా ఏడు వారాలు. పని చేసిన చోటు నుంచి మొదటి వారం ఒకరు వచ్చి చూసి పోయారు, అంతే. మా ఆవిడ చిన్నపిల్లలిద్దరితో ఊరికీ ఆసుపత్రికీ తిరగలేక అల్లాడిపోయింది.

అప్పుడు వచ్చేది ఆమె. తెల్లచీర, చంకలో గుడ్డసంచి, చేతిలో స్టీలు క్యారియర్. మా సంఘంలో బైబిల్ స్త్రీ అంటారు, ఇంటింటికీ, వార్డు వార్డుకీ వెళ్లి వాక్యం చెప్పే పరిచారిక. అందరూ పెద్దమ్మ అనేవారు, నేనూ అలాగే పిలిచాను. నన్ను మొదటి రోజు అడిగిన మాట, "కాలు ఎట్లుంది నాయనా?" అంతే. కూర్చుంది, క్యారియర్ విప్పింది. జొన్నరొట్టె, చెనిక్కాయల ఊరిమిండి. నేను తినేదాకా ఉండి, ప్రార్థన చేసుకోవచ్చా అని అడిగి, రెండు నిమిషాలు చేసి వెళ్లిపోయింది. ఏడు వారాలూ అదే. ఆమెకు కుదరని రోజు సంఘంలో ఇంకెవరో క్యారియర్ పట్టుకొచ్చేవాళ్లు. వాళ్ల పేర్లు కూడా అప్పటికి తెలియవు నాకు.

ఒక సాయంత్రం ఆమె సంచిలోంచి కీర్తనల పుస్తకం తీసి పక్క మంచం ముసలాయనకు పాడుతోంది. పుస్తకం నా వైపు తిరిగి ఉంటే కళ్లు చికిలించి చూశాను. పాట పైన రాగం పేరు, తాళం పేరు అచ్చు వేసి ఉన్నాయి. ఆది తాళం! నా వేళ్లు వాటంతట అవే మంచం పట్టీ మీద పడ్డాయి. ఆమె చూసింది. పాట ఆపలేదు, నా దెబ్బకు తగ్గట్టు కొంచెం నిదానం చేసింది. పన్నెండేళ్ల తర్వాత నేను వేసిన తాళం అది. దుప్పటి ముఖం మీదికి లాక్కుని ఏడ్చాను.

ఆ రోజే మారిపోయానని చాలామంది అనుకుంటారు. లేదు. తొమ్మిదేళ్లు పట్టింది. ఆదివారం ఆదివారం వెళ్లేవాణ్ణి, గుడి బయట వేపచెట్టు కింద నిలబడి పాటలు విని వచ్చేసేవాణ్ణి. లోపలికి పోతే అమ్మ ఏమనుకుంటుందోనని ఒక టెన్షన్. ప్రార్థన చేయించుకుంటే కుంటి పోతుందని కొందరు ఆశ పెట్టారు, అది ఇంకో చిక్కు. కుంటి పోలేదు, ఇప్పటికీ ఉంది. అలా ఆశ పెట్టడం తప్పని ఇవాళ కూడా గట్టిగా అంటాను. పెద్దమ్మ ఏనాడూ అలా అనలేదు.

భజన జట్టు పాత మిత్రులు "తెల్లోళ్ల దేవుడు కదరా" అనేవాళ్లు. లండన్ మిషన్ వాళ్లు 1822లో కడపకు వచ్చిన మాట నిజం. మా పెద్దలు ఇప్పటికీ లండన్ మిషన్ గుడి అనే అంటారు. కానీ ఆ రాగాలు, ఆ తాళాలు ఎవరివి? నాకు ఇంకా నచ్చిన సంగతి ఒకటుంది. స్వాతంత్ర్యం వచ్చిన ఆరు వారాలకు, 1947 సెప్టెంబర్ 27న, ఆంగ్లికన్, మెథడిస్ట్, ప్రెస్బిటేరియన్, కాంగ్రిగేషనల్ అని వేరువేరు క్రైస్తవ శాఖలుగా ఉన్నవాళ్లు ఒకే సంఘమై ఒకే రొట్టె విరిచారు. అదే దక్షిణ ఇండియా సంఘం. మన పక్కనే నంద్యాల వైపు ఆంగ్లికన్ సంఘాల్లో చాలావరకు అప్పుడు కలవలేదు, 1975లో కలిశాయి. వాళ్లకే 28 ఏళ్లు పట్టింది. వేపచెట్టు కింద నా తొమ్మిదేళ్లను ఎవరూ తొందర పెట్టలేదు.

లోపలికి నడిపించింది మాత్రం బైబిల్‌లోని 150వ కీర్తన. పాస్టరు గారు చదువుతుంటే కిటికీలోంచి విన్నాను. బూర, సితార, తంబుర, పిల్లనగ్రోవి, చివరికి మ్రోగే తాళాలు. ఒకసారి కాదు, రెండుసార్లు తాళాల మాట. మా నాయన చెక్కలకు కూడా ఈ ఇంట్లో చోటుందన్నమాట అనుకుని చెప్పులు విప్పి లోపలికి వెళ్లాను.

2007లో ఈస్టర్ రోజున బాప్తిస్మం తీసుకున్నాను. అమ్మ బొట్టుతోనే వచ్చి, వెనక చాప మీద కూర్చుని, చివరిదాకా చూసింది. ఆమె దారి ఆమెదే. ఆమె పోయిన రోజు ముందు భజన జట్టు, వెనక మా సంఘం వాళ్లు నడిచారు.

తర్వాతి ఏళ్ల గురించి ఎంత రాసినా తరగదు. గుడి వరండాకు బండలు నేనే ఏరి తెచ్చాను. శనివారం రాత్రుళ్లు పదిమందిమి కలిసి పరిచాం, ఆడవాళ్లు ఉగ్గాని, బజ్జీ చేసి పెట్టేవాళ్లు. నా చేతులతో నున్నగా చేసిన బండ మీద మోకాళ్లూనితే ఆ చల్లదనం ఒంట్లోకి పాకుతుంది. కాలు సాగదు కాబట్టి నాకు పక్కనున్నవాళ్లు చేయి ఇచ్చి లేపాలి. ఎవరో ఒకరు ఇస్తారు, అడగాల్సిన పని లేదు. పోయిన క్రిస్మస్‌కు సండే స్కూల్ పిల్లలు పద్నాలుగు మందికి చెక్కభజన నేర్పాను. అడుగు తప్పితే ఆపి మళ్లీ మొదటి నుంచి.

పెద్దమ్మకు ఇప్పుడు ఎనభై దాటాయి, గుడికి రాలేదు. మనవడి చేత గుమ్మడికాయ పంపింది. పాట 2,000 దాటాక కూడా నేను వదల్లేదు, మళ్లీ పాటకు ఇవ్వనూ లేదు. సోమవారం మా ఆవిడ దాన్ని బెల్లం వేసి పులుసు పెట్టింది. అదే తరహా స్టీలు క్యారియర్‌లో సర్దుకుని, రెండు జొన్నరొట్టెలు పైన పెట్టుకుని వెళ్లాను. మంచం మీద ఆనుకుని కూర్చుని ఉంది. గడపలో నా అడుగు చప్పుడు వినగానే తల తిప్పింది.

"కాలు ఎట్లుంది నాయనా?"

"నడుస్తాండా పెద్దమ్మా" అని క్యారియర్ విప్పాను.