నాప్‌డేల్‌లో అత్తయ్య

డిసెంబరు 28, ఆదివారం

అత్తయ్య గ్లాస్గో వచ్చినప్పటి నుంచి ఇల్లు, గుడి, సూపర్‌మార్కెట్ తప్ప ఏమీ చూడలేదు. అందుకని పులిహోర డబ్బాలో సర్దుకుని, చెట్లు కొరికి నీళ్లకు గట్లు కట్టే బీవర్లనే ఎలుకజాతి జంతువుల కోసం, చీకటి ఉండగానే స్కాట్లండ్ పడమటి తీరంలోని నాప్‌డేల్ అడవికి బయలుదేరాం. ఇన్వరేరీ మీదుగా రెండున్నర గంటల దారి.

బార్న్‌లూస్గన్ దగ్గర కారు దిగేసరికి చలికి చెవులు మండాయి. సరస్సు అంచున మంచు పలక కట్టింది. నడుమ నీళ్లలో రెండు గోల్డెన్‌ఐ బాతులు మునుగుతూ తేలుతున్నాయి. ఆకులన్నీ రాలినా ఇక్కడి ఓక్, బర్చ్ చెట్లు బోసిగా ఉండవు. సముద్రపు తేమకు మొదలు నుంచి కొమ్మ చివరి దాకా నాచు పట్టి పచ్చగా ఉంటాయి.

స్కాట్లండ్‌లో బీవర్లు 16వ శతాబ్దంలో వేటకు బలై అంతరించాయి. 2009లో నార్వే నుంచి తెచ్చి ఈ సరస్సుల్లోనే వదిలారు. శీతకాలమంతా నిద్రపోయే జంతువులు కావు. గూటి దగ్గర నీటి అడుగున కొమ్మలు దాచుకుని, వాటి బెరడు తింటూ గడుపుతాయి. కానీ పట్టపగలు ఎవరికి కనబడతాయి? మాకు దొరికినవి కొరికిన మొదళ్లు, వాటి చుట్టూ తెల్లటి చెక్క పేళ్లు. నాకు అవే చాలు. ఆయన మాత్రం కెమెరా మెడలో వేసుకుని చివరిదాకా అలిగే ఉన్నారు.

"చేపలు తింటాయా?" అని అడిగారు అత్తయ్య.

"లేదత్తయ్యా. బెరడు, ఆకులు, నీటి మొక్కలు."

డూ లోఖ్ అనే మడుగు దగ్గర బీవర్లు కట్టిన గట్టు చూసి ఆవిడ ఆగిపోయారు. దాని వల్ల నీళ్లు అడవిలోకి పాకి ఆ చిన్న మడుగు బాగా పెద్దదైంది. మునిగిన చెట్లు ఎండి నిలబడి ఉన్నాయి. "కారే చోటు చూసి మరీ బురద మెత్తాయే! మన కాలువకు గండి పడితే ఇంత శ్రద్ధగా ఎవరు పూడుస్తారు?" అన్నారు. అంతలోనే, "ఇదే పొలం పక్కన కడితే?" అని అడిగారు. కృష్ణా డెల్టాలో పుట్టి పెరిగిన మనిషికి ఆ ప్రశ్న రాకుండా ఎలా ఉంటుంది?

తూర్పు స్కాట్లండ్‌లోని టే నది పరీవాహకంలో జరిగింది అదే. అక్కడ పొలాలు మునిగాయి. 2019 మే నుంచి బీవర్లకు చట్టరక్షణ వచ్చినా, ఆ ఏడాదే అనుమతులు తీసుకుని 87 బీవర్లను చంపారు. నాకు తలుచుకుంటే బాధ. ఆవిడ మాత్రం రైతు పక్షమే. కారులో పులిహోర తింటూ చాలాసేపు వాదించుకున్నాం. చంపే బదులు పట్టి వేరే చోట వదలవచ్చనీ, 2023లో టే ప్రాంతపు కుటుంబాన్ని అలాగే లోమండ్ సరస్సుకు తెచ్చారనీ చెప్పాను.

"అక్కడ పొలాలు లేవా?" అన్నారు అత్తయ్య.