గుడాకేశుడికి చెప్పిన మాట

భగవద్గీత ఆరో అధ్యాయం పారాయణం చేసుకొచ్చి, రాత్రి ఒంటిగంటకు "యుక్తాహారవిహారస్య" శ్లోకాన్ని వాట్సాప్‌లో పంపుకునేవాళ్లను చూస్తే నాకు కడుపు మండుతుంది. ఏకాదశని పగలంతా కడుపు మాడ్చుకుని, రాత్రికి సగ్గుబియ్యం వడలు దండిగా తిని, తెల్లవార్లూ ఫోన్ చూసి, జాగరణ చేశామంటారు. తిండి, తిరుగుడు, పని, నిద్ర, మెలకువ మితంగా ఉన్నవాడికే యోగం దుఃఖాన్ని పోగొడుతుందని ఆ శ్లోకం. అది వద్దన్నది ఇదే కదా!

అర్జునుడికి గుడాకేశుడని పేరు, నిద్రను గెలిచినవాడని. అలాంటివాడితో కృష్ణస్వామి, యుక్తాహార శ్లోకానికి ముందు శ్లోకంలో, "జాగ్రతో నైవ చార్జున" అన్నాడు. అతిగా మేలుకునేవాడికీ యోగం కుదరదు అని. పదో అధ్యాయంలో గుడాకేశా అని నోరారా పిలిచిన స్వామి, ఇక్కడ ఆ బిరుదు ఎత్తలేదు. ఉత్త అర్జునా అన్నాడు, ఇంట్లో పెద్దవాళ్లు పిలిచినట్టు. ఈ చోటికొస్తే నాకు కళ్లు చెమరుస్తాయి. రథంలో కూలబడేముందు అర్జునుడు మొదట చెప్పుకున్నదేమి? "సీదంతి మమ గాత్రాణి". ఒళ్లు పట్టు తప్పుతోంది, నోరెండుతోంది అని. ధర్మసందేహాలన్నీ ఆ తర్వాతే. విషాదం ముందు ఒంట్లో పలికింది. అందుకే "దుఃఖహా", దుఃఖం పోగొట్టేది, అనేముందు స్వామి తిండి, తిరుగుడు, పని, నిద్ర, మెలకువ, ఒక్కొక్కటీ పేరుపెట్టి చెప్పాడు.

మా అమ్మ పోయిన ఏడాది నేనూ అట్లే కూలబడినా. రాత్రి రెండు దాకా దుప్పట్లో ఫోను. పొద్దున పదికి లేచేది. పొయ్యి వెలిగించబుద్ధి కాక బొరుగులు నమిలి మళ్లీ పండుకునేది. లలితా సహస్రనామం నోరు చదువుతుంటే మనసు ఎక్కడో ఉండేది. మా వదిన పట్టుబట్టి డాక్టర్ దగ్గరికి తీసుకుపోయింది. ఆయన మాత్రలు రాసి, "ఎన్నింటికి పండుకుంటావమ్మా? ఎన్నింటికి లేస్తావు? పొద్దుటి ఎండ మొహాన పడి ఎన్నాళ్లయింది?" అన్నాడు. నాకు ఆ శ్లోకమే వినబడింది.

మర్నాటి నుంచి వదిన ఆరింటికే వాకిట్లో నిలబడి, "అమ్మాయీ, చెప్పులేసుకో" అనేది. దేవుని కడప గుడికని బయల్దేరితే, మొదటిరోజు చెరువు కట్ట మీదే కూర్చుండిపోయినా. నీళ్లమీద ఎండ పడుతుంటే వదిన టిఫిన్ డబ్బా మూత తీసి ఉగ్గాని ముందు పెట్టింది. నాలుగు ముద్దలు తిన్నా. అన్ని నెలల తర్వాత నాలుకకు ఉప్పూ కారమూ తెలిసింది.

మాత్రలు మానలేదు, డాక్టర్ చెప్పిందాకా వాడినా. భక్తి ఉంటే మందులెందుకు అనేవాళ్ల మాట వినొద్దు. ఈ దిగులు జబ్బు, డిప్రెషన్ అంటారే, అది భక్తి తక్కువై వచ్చేది కాదు, అలవాట్లొక్కటే కారణమూ కాదు. కానీ నిద్ర చెడితే దిగులు ముదురుతుంది, దిగులు ముదిరితే నిద్ర చెడుతుంది. రెండు వారాలైనా దిగులు వదలకపోతే, దేనిమీదా మనసు పోకపోతే, డాక్టర్‌కు చూపించండి. మనసు బాగాలేనివాళ్ల కోసం ప్రభుత్వం పెట్టిన హెల్ప్‌లైన్ టెలీ మానస్, 14416కు ఫోన్ చేస్తే తెలుగులోనే మాట్లాడతారు. చచ్చిపోవాలనిపిస్తుంటే రెండు వారాలు చూడొద్దు, ఇప్పుడే చేయండి.

ఈ రాత్రి పదికల్లా ఫోన్ పక్కగదిలో పెట్టండి. మీ వీధిలో తలుపు తీయని మనిషి ఉంటే, రేపు ఆరింటికి ఆ వాకిట్లో నిలబడి పేరుపెట్టి పిలవండి. ఒకసారికి పలకరు. మళ్లీ పిలవండి.