ర్యాలీలో కాసేపు

సిగ్నల్ దగ్గర బస్సు ఎంతకీ కదలకపోయేసరికి దిగి నడిచాను. ముందు యుద్ధ వ్యతిరేక ర్యాలీ. నినాదాల కన్నా నన్ను ఆపింది ఒక పెద్దావిడ. ఒక చేతిలో కర్ర, ఇంకో చేతిలో అట్టముక్క. దాని మీద గుండ్రటి శాంతి గుర్తు, పెయింట్ ఆరక స్వెట్టర్‌కి అంటుకుంటోంది. 1958లో బ్రిటన్‌లో అణ్వాయుధాలకు వ్యతిరేకంగా జరిగిన ఊరేగింపు కోసం జెరాల్డ్ హోల్టమ్ గీసిన గుర్తది.

2003 ఫిబ్రవరి 15న ప్రపంచమంతటా లక్షలాది మంది ఇలాగే రోడ్డెక్కారు. అయినా మార్చిలో ఇరాక్ మీద దాడి మొదలైంది. ఆవిడకు ఇదంతా తెలియదనుకోను. తెలిసే వచ్చి ఉంటుంది.

వెనక కారాయన హారన్ ఆపట్లేదు (ఆయన టెన్షన్ ఆయనది). నేనూ కాసేపు వాళ్లతో కలిసి నడిచాను. నినాదం ఇద్దామంటే మొహమాటం అడ్డొచ్చింది, చప్పట్లు మాత్రం గట్టిగానే కొట్టాను.